ఇంటి బీమా పెరిగినప్పుడు ఏది తగ్గించాలి, ఏది ముట్టుకోకూడదు

‘‘మాది ఫిక్స్‌డ్ రేటు లోను కదా అక్కా, నెల పేమెంటు ఎలా పెరిగింది?’’

డాలస్ ఉత్తర శివార్లలో ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళ నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. లోను పెరగలేదు, ఎస్క్రో పెరిగింది. ఇంటి పన్ను, ఇంటి బీమా సొమ్మును లోను కంపెనీ నెలనెలా మన దగ్గర వసూలు చేసి, గడువు రాగానే మన తరఫున కడుతుంది. ఏడాదికోసారి లెక్క చూసుకుంటుంది. బీమా పెరిగిన ఏడాది, గతంలో తక్కువ పడిన మొత్తాన్ని పన్నెండు నెలలకు పంచి కలుపుతుంది. రాబోయే ఏడాదికి కొత్త రేటు వేస్తుంది. రెండు నెలల సొమ్ము వరకు అదనంగా నిల్వ పెట్టుకునే హక్కు కూడా దానికి ఉంది. అందుకే పెరుగుదల ఒకటే అయినా దెబ్బ రెండు వైపుల నుంచి తగులుతుంది. తక్కువ పడినది ఒకేసారి కట్టేస్తే పేమెంటు కొంత దిగుతుంది. పన్నెండు నెలలకు పంచినా దాని మీద వడ్డీ పడదు కాబట్టి అప్పు చేసి మరీ కట్టాల్సిన పని లేదు.

నేను బీమా ఏజెంటును కాను. బీమా కంపెనీలు క్లెయిమ్‌లు పరిష్కరించే సాఫ్ట్‌వేర్ మీద చాలా ఏళ్ళు బిజినెస్ అనలిస్టుగా పనిచేశాను. ఏ క్లెయిమ్‌కి ఎంత చెల్లించాలో, దేనికి చెల్లించకూడదో ఆ నిబంధనలను వరుసబెట్టి రాయడమే నా ఉద్యోగం. కాబట్టి పాలసీని నేను వెనక నుంచి ముందుకు చదువుతాను: ముందు నష్టం జరిగిందనుకుంటాను, తర్వాత చెక్కు ఎంత వస్తుందో చూస్తాను, ప్రీమియం చివర చూస్తాను. మనవాళ్ళలో ఎక్కువమంది ప్రీమియం ఒక్కటే చూస్తారు.

‘‘మేము ఒక్క క్లెయిమ్ కూడా వేయలేదు, మాకెందుకు పెంచారు?’’ అనేది రెండో ప్రశ్న. మీ ఇల్లు ఒక్కటే చూసి రేటు కట్టరు. మీ ప్రాంతంలో వడగళ్ళకు ఎన్ని రూఫులు పోయాయి, షింగిల్స్‌కీ (రూఫ్ మీద పరిచే పలకలకీ) కలపకీ కూలికీ ఎంత అవుతోంది, ఆ బీమా కంపెనీ తన నష్టాల కోసం వేరే కంపెనీ దగ్గర తీసుకునే రీఇన్షూరెన్స్‌కి ఎంత కడుతోంది, ఇవన్నీ మీ రేటులో కలుస్తాయి. టెక్సాస్‌లో కంపెనీ తన రేట్లను బీమా శాఖకు సమర్పించి వెంటనే వాడుకోవచ్చు. కాలిఫోర్నియాలో 1988 నాటి 103వ ప్రతిపాదన ప్రకారం ముందు అనుమతి కావాలి. అక్కడ సమస్య మరోలా బయటపడింది: 2023 మే నెలలో స్టేట్ ఫార్మ్ ఆ రాష్ట్రంలో కొత్త ఇంటి పాలసీలు తీసుకోవడమే ఆపేసింది. రేటు పెరగడం ఒక తలనొప్పి, పాలసీయే దొరకకపోవడం ఇంకో తలనొప్పి. మనది ప్రస్తుతానికి మొదటి రకం.

దీనికి నా లెక్క ఇది: చిన్న నష్టం మన జేబులోంచి పోవాలి, పెద్ద నష్టం కంపెనీ జేబులోంచి పోవాలి. కోత పెట్టాలంటే చిన్న నష్టాల వైపే పెట్టాలి. నేను చూసిన పాలసీల్లో సగానికి ఇది తలకిందులుగా ఉంటుంది. మామూలు డిడక్టిబుల్ (నష్టంలో ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) 1,000 డాలర్ల దగ్గర అలాగే ఉంచి, రూఫ్ మీద కవరేజీని సగానికి సగం కోయించుకుని, లయబిలిటీని (మన వల్ల ఇతరులకు దెబ్బ తగిలితే చెల్లించే కవరేజీని) అడుగున వదిలేసి, ‘‘ఈ ఏడాది 600 మిగిల్చాను’’ అంటారు.

ముందు రూఫ్ సంగతి తేల్చుకోండి

పాలసీతో వచ్చే కాగితాల కట్టలో డిక్లరేషన్స్ పేజీ ఒకటి ఉంటుంది. ఏజెంట్లు డెక్ పేజీ అంటారు. అది ఒక్కటి తీసి పక్కన పెట్టుకోండి. దాని మీద డిడక్టిబుల్స్ సాధారణంగా రెండు ఉంటాయి: గాలికి, వడగళ్ళకు ఒకటి, మిగతా నష్టాలన్నిటికీ ఇంకొకటి. ఉత్తర టెక్సాస్‌లో మొదటిదే మీ తలరాత.

అది తరచు శాతంలో ఉంటుంది, ‘2 శాతం’ అని. చాలామంది దీన్ని నష్టంలో రెండు శాతం అనుకుంటారు. కాదు, ఇంటి మీద ఉన్న కవరేజీలో రెండు శాతం. ఇంటికి 6 లక్షల డాలర్ల కవరేజీ ఉంటే వడగళ్ళ డిడక్టిబుల్ 12,000 డాలర్లు. రూఫ్ మార్చడానికి 20,000 అయితే కంపెనీ ఇచ్చేది 8,000. ఇంకో చిక్కు కూడా ఉంది. ధరల పెరుగుదలకు తగ్గట్టు ఇంటి కవరేజీని కంపెనీ ఏటా తనంతట తానే పెంచుతుంది. దానితోపాటు మీ డిడక్టిబుల్ కూడా పెరుగుతుంది, దాని గురించి వేరే ఉత్తరం రాదు.

ఒక శాతమా, రెండు శాతమా అన్నదానికి అందరికీ సరిపోయే జవాబు లేదు, కానీ లెక్క సులువు. రెండు రకాలకూ ప్రీమియం అడగండి. పై ఇంటికే ఒక శాతం అంటే 6,000, రెండు శాతం అంటే 12,000, తేడా 6,000. ఒక శాతానికి ఏడాదికి 400 ఎక్కువ అడిగితే, రెండు శాతం తీసుకున్నవారికి ఆ 6,000 మిగలడానికి పదిహేనేళ్ళు పడుతుంది. మా వైపు పదిహేనేళ్ళు దెబ్బతినకుండా నిలిచిన రూఫ్ ఉంటే చూపించండి, నేను వచ్చి దండం పెడతాను. అలాంటప్పుడు ఒక శాతమే తీసుకోవాలి. అదే తేడా ఏడాదికి 1,200 అయితే అయిదేళ్ళకే సరిపోతుంది. అప్పుడు రెండు శాతం తీసుకుని, మిగిలిన డబ్బును విడిగా సేవింగ్స్ ఖాతాలో వేయండి. వేయకపోతే ఈ లెక్కకు అర్థం లేదు.

ఇంతకంటే ముఖ్యమైనది రూఫ్‌కి చెల్లింపు ఎలా చేస్తారన్నది. ‘రీప్లేస్‌మెంట్ కాస్ట్’ అంటే కొత్త రూఫ్ వేయడానికి అయ్యే ఖర్చు. ‘యాక్చువల్ క్యాష్ వాల్యూ’ అంటే అందులోంచి రూఫ్ వయసుకు తగ్గ తరుగుదల తీసేసిన మొత్తం. రెన్యువల్ కాగితాల్లో ఒక మూల ఈ మార్పు కనిపిస్తుంది, లేదా ‘రూఫ్ పేమెంట్ షెడ్యూల్’ అనే పట్టిక వస్తుంది. ఆ పట్టికలో రూఫ్‌కి ఎన్నేళ్ళైతే ఎంత శాతం ఇస్తారో ఉంటుంది. మీ రూఫ్‌కి పన్నెండేళ్ళు, కంపెనీ దాని ఆయుష్షు ఇరవై ఏళ్ళని లెక్క కట్టిందనుకుందాం. 60 శాతం తరుగుదల పోగా 20,000 రూఫ్‌కి విలువ 8,000. అందులోంచి 12,000 డిడక్టిబుల్ తీసేస్తే వచ్చేది సున్నా. రెండు నిబంధనలు విడివిడిగా చూస్తే పెద్దగా భయపెట్టవు. రెండూ కలిస్తే వడగళ్ళకు మీ రూఫ్ మీద బీమా లేనట్టే. ప్రీమియం తగ్గించామని చూపించే కొటేషన్లలో నేను మొట్టమొదట వెతికేది ఈ జంటనే.

రూఫ్ ఎలాగూ మార్చాల్సి వస్తే క్లాస్ 4 షింగిల్స్ ధర అడగండి. యూఎల్ 2218 పరీక్షలో రెండంగుళాల ఉక్కు గుండును ఇరవై అడుగుల ఎత్తు నుంచి జారవిడిచినా పగలనివాటికి ఆ తరగతి ఇస్తారు. టెక్సాస్‌లో రూఫర్ పీసీ068 అనే ఫారం నింపి సంతకం చేసి ఇస్తే చాలా కంపెనీలు డిస్కౌంటు ఇస్తాయి. ఎంత ఇస్తారో రూఫ్ వేయించకముందే మీ కంపెనీని అడగండి. డిస్కౌంటుతోపాటు ‘కాస్మెటిక్ డ్యామేజ్’ మినహాయింపు తగిలిస్తున్నారేమో కూడా అడగండి. అది ఉంటే, సొట్టలు పడినా నీళ్ళు కారనంతవరకు కంపెనీ డబ్బు ఇవ్వదు. మెటల్ రూఫ్ ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

వడగళ్ళు పడిన మర్నాడు తలుపు తట్టే రూఫర్ల గురించి ఇక్కడే చెప్పేస్తాను. ‘‘డిడక్టిబుల్ మీరు కట్టక్కర్లేదు, మేం చూసుకుంటాం’’ అన్నవాడిని గుమ్మంలోంచే పంపేయండి. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో అలా చేయడం నేరం. రీప్లేస్‌మెంట్ కాస్ట్ పాలసీలో చెల్లింపు రెండు విడతల్లో వస్తుంది: మొదట తరుగుదల, డిడక్టిబుల్ పోగా మిగిలింది, పని పూర్తయ్యాక ఆపి ఉంచిన తరుగుదల సొమ్ము. ఆ రెండో చెక్కు ఇచ్చేముందు మీరు డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు అడిగే హక్కు కంపెనీకి ఉంది. రూఫర్ మీ తరఫున కంపెనీతో క్లెయిమ్ బేరం ఆడటం కూడా ఇక్కడ చట్టవిరుద్ధం. ఆ పని చేయడానికి లైసెన్సు ఉన్న పబ్లిక్ అడ్జస్టర్లు ఉంటారు, వాళ్ళ రుసుము క్లెయిమ్ మొత్తంలో పది శాతానికి మించకూడదు. చెక్కు మీద మీ పేరుతోపాటు లోను కంపెనీ పేరు కూడా ఉండవచ్చు. దాని సంతకం తెప్పించుకోవడానికి పట్టే సమయాన్ని లెక్కలో పెట్టుకుని రూఫర్‌కి తేదీ ఇవ్వండి.

ఇంటి కవరేజీ అంటే ఇంటి ధర కాదు

కవరేజీ ఎ అని రాసి ఉండేది మీ ఇంటిని నేలమట్టం నుంచి తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు. ఇళ్ళ ధరలు చూపించే జిల్లో వెబ్‌సైటులో కనిపించే ధరకూ దీనికీ సంబంధం లేదు. ఆ ధరలో స్థలం ఉంది, మంచి బడి ఉంది. ఇవి కాలిపోవు. కాబట్టి మార్కెట్ ధరకంటే కవరేజీ తక్కువగా ఉందని కంగారు పడక్కర్లేదు. అలాగే ప్రీమియం దించడానికి దీన్ని కోయించకూడదు. చాలా పాలసీల్లో, కట్టుబడి ఖర్చులో కనీసం 80 శాతానికి కవరేజీ లేకపోతే వంటగది ఒక్కటి కాలినా పూర్తి ఖర్చు ఇవ్వరు.

ఏజెంటును ‘రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఎస్టిమేట్’ కాగితం పంపమనండి. చదరపు అడుగులు, ఇటుక గోడలా కాదా, నేల కార్పెట్టా చెక్కా, గ్యారేజీలో ఎన్ని కార్లు పడతాయి, అన్నీ అందులో ఉంటాయి. తప్పులు ఉంటే దిద్దించండి. మీడియా రూము, వెనక కప్పు వేయించిన పాటియో, సోలార్ ప్యానెళ్ళు కొన్న తర్వాత చేర్చుకున్నవి కాబట్టి కంపెనీకి తెలియవు. పెద్ద తుపాను తర్వాత ఊరంతా ఒకేసారి కడుతుంటే కూలి ధరలు ఎగురుతాయి. అందుకే కవరేజీ పైన ఇంకో 25 శాతం వరకు ఇచ్చే ‘ఎక్స్‌టెండెడ్ రీప్లేస్‌మెంట్ కాస్ట్’ ఉంచుకోమంటాను. పాత ఇంటివాళ్ళు ‘ఆర్డినెన్స్ ఆర్ లా’ కవరేజీ కూడా చూసుకోవాలి. మళ్ళీ కట్టేటప్పుడు ఇప్పటి కోడ్ ప్రకారం వైరింగు, ప్లంబింగు మార్చాలని నగరపాలక సంస్థ అడిగితే ఆ అదనపు ఖర్చు అందులోంచి వస్తుంది.

కవరేజీ బి అంటే కంచె, షెడ్డు, సాధారణంగా ఎ లో పది శాతం. డి అంటే ఇల్లు బాగయ్యేదాకా వేరేచోట ఉండడానికి అయ్యే ఖర్చు. వీటిలో పెద్దగా మార్చేది ఉండదు.

బంగారం

కవరేజీ సి మీ సామాన్లకు. అంకె చూస్తే 3 లక్షలో నాలుగో ఉంటుంది, అది చూసి నగలన్నీ భద్రమే అనుకుంటారు. లోపలి పేజీల్లో ‘స్పెషల్ లిమిట్స్’ అనే భాగం తీయండి. నగలు దొంగతనానికి గురైతే మొత్తం మీద ఇచ్చేది చాలా పాలసీల్లో 1,500 డాలర్లు. ఒక్కో నగకు కాదు, అన్నిటికీ కలిపి. ఇంట్లో ఉండే నగదుకు 200. మన ఇళ్ళలో ఒక్క గాజుల జత విలువే 1,500 దాటుతుంది. మన పెళ్ళిళ్ళ సంగతి దొంగలకు తెలిసినంత బాగా బీమా పాలసీలు రాసేవాళ్ళకు తెలియదు.

దీనికి మార్గం నగలను విడిగా పేరుపేరునా చేర్పించడం, ‘షెడ్యూల్డ్ పర్సనల్ ప్రాపర్టీ’ అంటారు. ఒక్కో నగకు బిల్లు లేదా అప్రైజల్ (విలువ రాసిచ్చే పత్రం), ఒక ఫొటో కావాలి. అమ్మమ్మ ఇచ్చిన హారానికి బిల్లు ఎక్కడ తెస్తాం? ఇక్కడి అప్రైజర్ దగ్గరికి తీసుకెళ్ళి తూకం, విలువ రాయించుకోండి. బంగారం ధర పెరిగినప్పుడు ఆ విలువ మళ్ళీ రాయించాలి, పాత విలువకు ఉంటే పాత విలువే వస్తుంది. ఇలా చేర్పించినవాటికి సాధారణంగా డిడక్టిబుల్ ఉండదు, ఎక్కడో జారిపోయి కనిపించకపోయినా వర్తిస్తుంది. ఇండియా ప్రయాణంలో వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఏడాదికోసారి మాత్రమే పెట్టుకునే నగలు బ్యాంకు లాకర్లో పెడితే కొన్ని కంపెనీలు తక్కువ రేటు ఇస్తాయి. అయితే లాకర్లోని వస్తువులకు ఎఫ్‌డీఐసీ బీమా వర్తించదు, అది డిపాజిట్లకే. బ్యాంకు కూడా బాధ్యత తీసుకోదు.

మిగతా సామాన్లకు కూడా తరుగుదల లేని రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఉందో లేదో చూసుకుని, ఫోన్‌తో ఇల్లంతా ఒక వీడియో తీసి ఇంటి బయట ఎక్కడైనా దాచండి. అలమరాలు తెరిచి తీయండి.

నీళ్ళు

పైపు హఠాత్తుగా పగిలితే పాలసీ వర్తిస్తుంది. సింకు కింద నెలల తరబడి కారి కుళ్ళితే వర్తించదు. డ్రెయిను వెనక్కి తన్ని మురుగు లోపలికి వస్తే, విడిగా ‘వాటర్ బ్యాకప్’ ఎండార్స్‌మెంట్ (పాలసీకి తగిలించే అదనపు కవరేజీ) ఉంటేనే వర్తిస్తుంది. అది ఖరీదైనది కాదు, పెట్టించుకోండి. మా వైపు బంకమట్టి నేల ఎండకు బీటలువారి, వానకు ఉబ్బి ఫౌండేషన్ కదులుతుంది. అలా కుంగితే పాలసీ ఇవ్వదు. వేసవిలో ఇంటి చుట్టూ మట్టిని తడిగా ఉంచుకోవడమే దానికి మన చేతిలో ఉన్న బీమా.

డిసెంబరులో ఇండియా వెళ్ళేవాళ్ళకు ఒక మాట. 2021 ఫిబ్రవరి చలిలో టెక్సాస్ అంతటా పైపులు పగిలాయి. మీరు లేనప్పుడు పైపు గడ్డకట్టి పగిలితే, హీటింగ్ ఆన్‌లో ఉంచారా లేక నీళ్ళు ఆపి పైపులు ఖాళీ చేశారా అని కంపెనీ అడుగుతుంది. రెండూ చేయకపోతే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. కరెంటు బిల్లు కలిసొస్తుందని హీటర్ పూర్తిగా ఆపి విమానం ఎక్కేవాళ్ళను నేనెరుగుదును. మెయిన్ వాల్వు కట్టేసి, థర్మోస్టాట్‌ను సురక్షితమైన వెచ్చదనం దగ్గర ఉంచి, తాళం పక్కింటివారికి ఇచ్చి వెళ్ళండి. చాలా పాలసీల్లో సామాన్లు కూడా లేకుండా ఇల్లు 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే విధ్వంసానికి కవరేజీ పోతుంది. పాత ఇల్లు అమ్మకానికి పెట్టి కొత్త ఇంట్లోకి మారినవాళ్ళు ఇది చూసుకోవాలి.

బయటి నుంచి వచ్చే వరదకు ఏ మామూలు ఇంటి పాలసీ కూడా వర్తించదు. లోను కంపెనీ అడగలేదు కాబట్టి మాకు అక్కర్లేదు అంటారు. కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ ఫెమా పటంలో ఎక్కువ ముప్పు ఉందని గీసిన ప్రాంతాల్లోనే లోను కంపెనీ తప్పనిసరిగా అడుగుతుంది. 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్ళలో ఆ గీతల బయట ఉన్నవి ఎన్నో, వరద బీమా లేనివి ఎన్నో. 1968లో మొదలైన జాతీయ వరద బీమా పథకం ఇంటికి 250,000 డాలర్ల వరకు, సామాన్లకు లక్ష వరకు ఇస్తుంది. కొన్న ముప్పై రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, కాబట్టి టీవీలో తుపాను పేరు విన్నాక ఫోన్ చేస్తే లాభం లేదు. వాగు పక్కన, పల్లంలో, చెరువు వెనక ఇల్లు ఉన్నవాళ్ళు ఈ ఒక్కదానికి మాత్రం లెక్కలు వేయకుండా కొటేషన్ తెప్పించుకోండి. తీరప్రాంత కౌంటీల్లో గాలికి కూడా విడిగా టెక్సాస్ విండ్‌స్టార్మ్ సంఘం పాలసీ కావాల్సి రావచ్చు.

లయబిలిటీ

సత్యనారాయణ వ్రతానికి అరవై మందిని పిలుస్తాం. పిల్లలు పై అంతస్తులో పరిగెడతారు, పెద్దలు మెట్ల మీద కూర్చుంటారు, వెనక పూల్ ఉంటుంది. ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలి, వాళ్ళ వైద్య బీమా కంపెనీయే మీ మీదికి వస్తే, స్నేహితులు కదా అనే మాట అక్కడ పనిచేయదు. ఎక్కువ పాలసీల్లో లయబిలిటీ లక్ష డాలర్ల దగ్గర మొదలవుతుంది. దాన్ని 3 లక్షలకో 5 లక్షలకో పెంచడానికి అయ్యే ఖర్చు, మొత్తం ప్రీమియంతో పోలిస్తే చాలా చిన్నది. అడిగి చూడండి, ఆశ్చర్యపోతారు. ఇంట్లో పదహారేళ్ళ పిల్లలు కారు నడపడం మొదలుపెట్టారంటే పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ కూడా తీసుకోవాలి. అది ఇంటికీ కారుకీ రెండిటికీ పైకప్పులా పనిచేస్తుంది. దాని కోసం ఇంటి, కారు లయబిలిటీలను ముందు ఒక స్థాయికి పెంచమంటారు.

మెడికల్ పేమెంట్స్ అనే చిన్న కవరేజీ అతిథులకే, ఇంట్లో ఉండేవాళ్ళకు కాదు. ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మానాన్నలకు విజిటర్స్ మెడికల్ ఇన్షూరెన్స్ విడిగా తీసుకోవాల్సిందే. కుక్క, ట్రాంపోలిన్ ఉంటే కంపెనీకి చెప్పండి, దాచితే క్లెయిమ్ రోజున బయటపడుతుంది. ఉద్యోగం ఆస్టిన్‌కి మారి ఈ ఇల్లు అద్దెకిచ్చారా, ఆ రోజే అద్దె ఇంటి పాలసీకి మార్చండి. యజమాని ఉంటున్న ఇల్లని రాసిన పాలసీతో అద్దె ఇంటికి క్లెయిమ్ వేయడమంటే తిరస్కరించమని అడగడమే.

మరి ఎక్కడ తగ్గించాలి?

మామూలు డిడక్టిబుల్ దగ్గర. 1,000 నుంచి 2,500కో, భరించగలిగితే ఇంకా పైకో తీసుకెళ్ళండి. 1,800 డాలర్ల నష్టానికి మీరు ఎలాగూ క్లెయిమ్ వేయకూడదు కాబట్టి ఇందులో పోగొట్టుకునేది ఏమీ లేదు. ఎందుకు వేయకూడదంటే, క్లెయిమ్‌లన్నీ క్లూ అనే రిపోర్టులో ఏడేళ్ళు ఉంటాయి, కొత్త కంపెనీలన్నీ దాన్నే చూస్తాయి. ఆ రిపోర్టు తయారుచేసే లెక్సిస్‌నెక్సిస్ నుంచి ఏడాదికోసారి మీ రిపోర్టు ఉచితంగా తెప్పించుకోవచ్చు, అందులో తప్పులు ఉంటే దిద్దించవచ్చు. ఇల్లు కొంటున్నవాళ్ళు అమ్మేవారిని వాళ్ళ రిపోర్టు అడగండి, ఆ ఇంటి మీద జరిగిన పాత క్లెయిమ్‌లు తెలుస్తాయి.

కాలిఫోర్నియా, మేరీలాండ్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో కుదరదు గాని, టెక్సాస్‌లో కంపెనీలు ఇంటి బీమా రేటుకు క్రెడిట్‌ను చూస్తాయి. దేశానికి వచ్చిన కొత్తలో ఇల్లు కొని, అప్పటి పలచటి క్రెడిట్ చరిత్ర మీదే ఇంకా రేటు కడుతున్నవాళ్ళు ఉంటారు. మళ్ళీ లెక్క వేయమని అడగండి. ఇల్లూ కారూ ఒకే కంపెనీలో ఉంటే తగ్గింపు వస్తుంది, అయితే రెండూ కలిపిన మొత్తాన్నే పోల్చండి. ఇంటి మీద తగ్గించి కారు మీద రాబట్టుకోవడం కొత్త విషయం కాదు. అలారం, నీళ్ళు కారితే తనంతట తాను ఆపే వాల్వు ఉంటే చెప్పండి.

రెన్యువల్‌కి నెలన్నర ముందు మొదలుపెట్టండి. ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంటు ఒకరు, పలు కంపెనీల పాలసీలు అమ్మే ఇండిపెండెంట్ ఏజెంటు ఒకరు, ఇద్దరితోనూ మాట్లాడండి. మీ డెక్ పేజీ పంపి ‘‘ఇవే అంకెలతో ఇవ్వండి’’ అనండి. తిరిగి వచ్చినదానిలో రూఫ్ చెల్లింపు పద్ధతి, రెండు డిడక్టిబుల్స్, లయబిలిటీ, వాటర్ బ్యాకప్ పక్కపక్కన రాసుకుంటే చవకగా కనిపించిన పాలసీ ఎందుకు చవకో తెలిసిపోతుంది. టెక్సాస్ బీమా శాఖ భాగస్వామ్యంతో నడిచే హెల్ప్‌ఇన్షూర్ వెబ్‌సైటులో కంపెనీల నమూనా రేట్లు, ఫిర్యాదుల సూచిక చూడవచ్చు. కంపెనీ ఆర్థిక బలాన్ని చెప్పే ఏఎం బెస్ట్ రేటింగ్ కూడా చూడండి. ఇప్పుడు కంపెనీలు ఆకాశం నుంచి తీసిన ఫొటోలతో రూఫులను చూస్తున్నాయి. రూఫ్ మీదికి వాలిన కొమ్మలు కొట్టించి, నాచు శుభ్రం చేయించి, మీరే ఫొటోలు తీసి ఏజెంటుకు పంపితే మంచిది.

మారాలని నిర్ణయించుకున్నాక వరుస తప్పకూడదు. కొత్త పాలసీ మొదలయ్యే తేదీ చేతికి వచ్చాకే పాతదాన్ని అదే తేదీకి రద్దు చేయండి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ ఉన్నా లోను కంపెనీ తానే ఒక పాలసీ తగిలించవచ్చు. అది మామూలుదానికంటే బాగా ఖరీదు, పైగా కాపాడేది లోను కంపెనీ సొమ్మునే తప్ప మీ సామాన్లను కాదు. కొత్త ఏజెంటుకు లోను నంబరు, లోను కంపెనీ పేరు కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. కొత్త బిల్లును ఎస్క్రో నుంచి కట్టించమనండి, కట్టారో లేదో రెండు వారాల తర్వాత చూసుకోండి. రద్దు చేసిన పాత పాలసీలో మిగిలిన సొమ్ము తరచు మీ పేరు మీద చెక్కుగా ఇంటికే వస్తుంది. అది ఎస్క్రోలోంచి పోయిన డబ్బు కాబట్టి తిరిగి ఎస్క్రోలోనే జమ చేయండి. ఖర్చు పెట్టేస్తే వచ్చే ఏడాది లెక్కలో అదే మొత్తం తక్కువ పడిందని చూపించి నెల పేమెంటు మళ్ళీ పెంచుతారు.